సూక్ష్మజీవులు ఉప్పు తినవు

ఫ్యాక్టరీ మురుగును సూక్ష్మజీవులతో శుద్ధి చేస్తున్నాం, వాగు నీటికి ఇక భయం లేదని యాజమాన్యాలు చెబుతుంటాయి. ఆ పద్ధతికి మేం వ్యతిరేకం కాదు. పేడకుప్పను ఎరువుగా మార్చేది ఏమిటో రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. శుద్ధి కేంద్రంలో జరిగేదీ అలాంటిదే. తొట్లలోకి గాలి కొడతారు. సూక్ష్మజీవులు నీటిలోని సేంద్రియ మలినాలను తిని పెరిగి, బురదగా అడుక్కి దిగుతాయి. పాల డెయిరీ, చక్కెర మిల్లు మురుగుకు ఇది మంచి పద్ధతే.

మందుల ఫ్యాక్టరీల మురుగు దారి వేరు. అందులో కరిగి ఉన్న ఉప్పును ఏ సూక్ష్మజీవీ తినదు. నీళ్లు తేటగానే కనిపిస్తాయి, పారించిన పొలం మాత్రం ఏటికేడు చౌడుబారుతుంది. భారలోహాలూ మాయం కావు, నీటిలోంచి బురదలోకి చేరతాయంతే. ఆ బురదను ఎక్కడ పోస్తున్నారన్నది మరో ప్రశ్న. ఇక యాంటీబయాటిక్స్. సూక్ష్మజీవులను చంపడానికి తయారు చేసిన మందును సూక్ష్మజీవులే శుభ్రం చేయాలట!

పటాన్‌చెరులో ఏం జరిగిందో చూడండి. సుమారు 90 మందుల కంపెనీల మురుగు చేరే ఉమ్మడి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికి వచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీటిలో బతికి బట్టకట్టే సూక్ష్మజీవులు మందుకు లొంగనివే. ఆ నీళ్లే నక్కవాగులో కలిసి మంజీర వైపు పోయాయి. తర్వాత పైపులైను వేసి అంబర్‌పేటకు మళ్లించారు. అక్కడ నగరం మురుగులో కలిపి పలచన చేసి మూసీలోకి వదలడమే పరిష్కారమన్నారు. నక్కవాగు రైతు గోడును మూసీ రైతు నెత్తిన పెడితే దాన్ని శుద్ధి అంటారా?

మందుల ఫ్యాక్టరీల మురుగులో యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెడతామని కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ఎవరి ఒత్తిడికి తలొగ్గారో ప్రభుత్వమే చెప్పాలి.

ఆ పరిమితులను తిరిగి చేర్చాలని మేం డిమాండ్ చేస్తున్నాం. ఉప్పు నీటినీ, మందు కలిసిన నీటినీ ఫ్యాక్టరీ గేటు లోపలే వేరు చేసి, ఆ ఖర్చు యాజమాన్యమే భరించాలి. ఆ తర్వాత మిగిలినది సూక్ష్మజీవులకు వదిలితే అవి తమ పని తాము చేస్తాయి. శుద్ధి కేంద్రం నీటి పరీక్షల ఫలితాలను నెలనెలా, తెలుగులో, దిగువన ఉన్న ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీదా అతికించాలి. యాంటీబయాటిక్స్ ఎంత, ఉప్పు ఎంత అన్న రెండు అంకెలూ అందులో ఉండి తీరాలి.