కప్పు కింద కొలిమి

సూరత్ శివారులోని ఖజోద్ వద్ద 2023 డిసెంబరు 17న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించిన వజ్రాల వాణిజ్య సముదాయం విస్తీర్ణంలో అమెరికా రక్షణ కార్యాలయం పెంటగాన్‌ను సైతం మించిపోయింది. తొమ్మిది భవన శిఖరాలతో, నాలుగు వేలకు పైబడిన కార్యాలయాలతో, సుమారు 67 లక్షల చదరపు అడుగులలో వెలసిన ఈ కట్టడానికి మరో విశిష్టత ఉంది. నేల అడుగున అమర్చిన గొట్టాలలో చల్లటి నీటిని పారించి నడవాలను చల్లబరిచే ఏర్పాటు అందులో చేశారు. గాలి తనంతట తాను లోపలికి వీచేలా మధ్య నడవను తీర్చిదిద్దారు. భారత హరిత భవన మండలి దానికి అత్యున్నతమైన ప్లాటినం శ్రేణిని ప్రసాదించింది. నిర్మాణ కౌశలాన్ని అభినందించవలసిందే. అయితే అదే నగరంలో లింబాయత్, ఉధనా, పాండేసరా ప్రాంతాలలోని ఇళ్లలో వేసవి మధ్యాహ్నం ఎలా గడుస్తుందో తెలిసినవారికి ఆ ప్లాటినం ఫలకం మరో ప్రశ్నను గుర్తుకు తెస్తుంది. హరిత గృహమనేది ఎవరి కోసం?

సూరత్‌లో ఆరు లక్షలకు పైబడిన మరమగ్గాలు ఉన్నాయని అంచనా. వాటిని నడిపే శ్రామికులలో ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల వారితోపాటు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరలివెళ్లిన తెలుగు పద్మశాలి కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చిందంటే అక్కడ మనవారి ఉనికి ఎంత పాతదో, ఎంత బలమైనదో అర్థమవుతుంది. మగ్గాల శాలల్లో పన్నెండు గంటల షిఫ్టు సర్వసాధారణం. రాత్రంతా మగ్గం నడిపిన కార్మికుడు ఉదయం ఇంటికి చేరి పగలు నిద్రపోవాలి. అంటే ఎండ నడినెత్తికి వచ్చే వేళకే అతడు ఇనుప రేకు కింద, లేదా పలుచని సిమెంటు కప్పు కింద పడుకుంటాడు. పగటి వేడిని పీల్చుకున్న కాంక్రీటు పలక సాయంత్రం నుంచి దానిని గదిలోకి వదులుతుంది గనుక, పగలు పనిచేసి వచ్చినవారికి రాత్రి నిద్ర కూడా కరవే. తాపీ నది ఒడ్డున, సముద్రానికి చేరువలో ఉన్న నగరం కావడంతో ఉక్కపోత దీనికి తోడవుతుంది. అందువల్ల మన జిల్లాలలో కొంత ఊరటనిచ్చే ఎయిర్ కూలర్లు సైతం అక్కడ పలు నెలలపాటు నిరుపయోగమే. నిద్ర చాలని మనిషి మరునాడు తిరిగే యంత్రం ముందు నిలబడతాడన్న సంగతిని యజమానులు గాని, అధికారులు గాని లెక్కలోకి తీసుకోవడం లేదు.

గృహాలంకరణ రంగంలో నేడు 'హరిత' అనే మాట వాడని వ్యాపారి లేడు. ఉన్న తలుపులు ఊడదీసి పర్యావరణ హితమైన పలకలు బిగిస్తామంటారు. ఉన్న గచ్చును తవ్వి ప్రకృతి సహజమైన నేల పరుస్తామంటారు. ముప్పై ఏళ్లు నిలిచిన టేకు తలుపును కూల్చి జిగురుతో అతికించిన చెక్కపొట్టు పలకను తెచ్చి పెట్టడం పర్యావరణ సేవ ఎలా అవుతుందో వారే చెప్పాలి! చవక ప్లైవుడ్‌లోనూ, అటువంటి పలకల్లోనూ వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు చాలాకాలం వెలువడుతూ ఉంటుంది. గాలి ఆడని చిన్న గదిలో దానివల్ల కళ్లు, గొంతు మండడమే కాదు, దీర్ఘకాలంలో అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ పరిశోధక మండలి నిర్ధారించింది. ఘాటైన వాసన గల రంగుల సంగతీ దాదాపు ఇంతే.

సూరత్ వాసులకు ఈ విషయంలో వరదలు నేర్పిన పాఠం ఉండనే ఉంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీటిని విడుదల చేసినపుడు నగరంలో అత్యధిక భాగం రోజుల తరబడి నీట మునిగింది. నీరు తీశాక వీధుల్లోకి వచ్చిన చెత్తలో ఉబ్బి విచ్చుకున్న పలకల బీరువాలు, వంటగది అరలు కుప్పలుగా చేరాయి. రాతి అరలు మాత్రం కడిగితే శుభ్రపడ్డాయి. పశ్చిమ భారతంలో వంటగది అరలకు వాడే నల్లరాతిని సామాన్యులు 'కడప్పా' అనే పిలుస్తారు. మన కడప సీమ పేరు అక్కడి ఇంటింటా ఈ విధంగా స్థిరపడింది. ఆకర్షణీయమైన రంగు పలకల మోజులో ఆ రాతిని ఊడబెరికే ఇళ్లు నేడు పెరుగుతున్నాయి. నగరం మధ్యగా పారే ఖాడీలు పొంగి లింబాయత్, పర్వత్ పాటియా తదితర లోతట్టు ప్రాంతాలను ముంచెత్తడం ఇటీవలి సంవత్సరాలలోనూ ఆగలేదు. అటువంటి చోట నేలకు ఆనుకుని జిగురు పలకల బీరువాలు కట్టించడం డబ్బును నీళ్లలో పోయడమే.

నిజానికి చల్లని ఇంటికి కావలసిన విద్య మనకు కొత్తది కాదు. డంగు సున్నం మిద్దెలు, పెంకుటిళ్ల మందపు కప్పులు, ఎదురెదురు కిటికీలు, సిమెంటు జాలీలు, కిటికీలపై వెడల్పాటి చూరు మన పెద్దలు ఎరిగినవే. పగిలిన పింగాణీ ముక్కలను మిద్దెపై పరచి అతికించే పద్ధతి గుజరాత్‌లో ఎంతోకాలంగా ఉంది. తెల్లని ఆ పరుపు ఎండను వెనక్కి పంపుతుంది, వాన నీటిని కిందికి దిగనివ్వదు. కనీసం ఏటా వేసవికి ముందు మిద్దెకు సున్నం పూసినా, ఎండను తిప్పికొట్టే తెల్లరంగు వేసినా గది వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల వరకు తగ్గుతుందని అనుభవాలు చెబుతున్నాయి. హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 2017లో పాతిక పేద ఇళ్ల కప్పులపై తెల్లని పొర పరచి చూడగా సగటున రెండు డిగ్రీల మేరకు తేడా కనిపించింది. అహ్మదాబాద్‌లోనూ అదే సంవత్సరం ఇటువంటి ప్రయత్నం మొదలైంది. రెండు డిగ్రీలే కదా అని చప్పరించేవారు ఒక మధ్యాహ్నం రేకు కింద నిద్రించి చూడాలి. ఇందుకయ్యే వ్యయం ఒక ఎయిర్ కండిషనరు ఖరీదులో స్వల్పభాగమే. పైగా ఎయిర్ కండిషనరు తన గది వేడిని తీసి పక్కింటి కిటికీలోకి వదులుతుంది. ఇరుకు వీధుల పేటలో అది ఒకరి సుఖానికి మరొకరు మూల్యం చెల్లించే ఏర్పాటు.

పంకాల విషయం చిన్నదిగా కనిపించినా కార్మికుల బడ్జెట్‌లో చిన్నది కాదు. పాత పంకా 75 వాట్ల వరకు విద్యుత్తు తాగితే, కొత్త తరహా మోటారు గల పంకాకు 30 వాట్లు చాలు. రోజుకు పదహారు గంటలు తిరిగే ఇంట్లో ఒక్క పంకా మారిస్తే నెలకు ఇరవై యూనిట్లకు పైగా ఆదా అవుతుంది.

ఇన్ని తెలిసీ ఎందుకు జరగడం లేదు? ఇల్లు ఒకరిది, ఉక్క మరొకరిది కావడమే ఇందుకు ప్రధాన కారణం. అద్దెకున్నవాడు కప్పు జోలికి పోలేడు. ఇంటి యజమానికి ఆ కప్పు కింద పడుకునే అగత్యం లేదు. సౌర విద్యుత్తు సంగతీ ఇటువంటిదే. నివాసాల పైకప్పులపై సౌరఫలకాల ఏర్పాటులో గుజరాత్ దేశానికి అగ్రగామిగా నిలిచింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లు, ఆ పైబడిన ఏర్పాటుకు 78 వేల రూపాయల రాయితీ లభిస్తోంది. ఆ రాయితీ మిద్దె ఉన్నవాడికి వర్తిస్తుంది, మిద్దె కింద ఉన్నవాడికి కాదు.

మన చట్టాలూ ఈ లోపానికి అతీతం కావు. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులో వెలువరించిన ఎకో నివాస్ సంహిత కప్పు గుండా, గోడల గుండా లోపలికి చేరే వేడికి పరిమితులు నిర్దేశించింది. అది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలోని నివాస భవనాలను ఉద్దేశించినది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించి దేశానికి మార్గదర్శకంగా నిలవడం హర్షణీయమే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు దానిని తప్పనిసరి చేశారు. నివాసాల విషయంలో మాత్రం 600 చదరపు గజాలు, ఆ పై స్థలాలకే నిర్బంధం. రెండు నిబంధనల కొలత ఇంచుమించు ఒక్కటే. వంద గజాల లోపు రేకుల ఇంటివాడు ఈ రెండింటికీ కనిపించడు. పేదవాడిపై నిర్బంధం మోపరాదన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని నిర్బంధంతోపాటు సహాయం కూడా అతడి గడప దాకా రాకుండా పోయింది.

చవకగా చల్లబరచాలన్న ఆత్రంలో మరో ప్రమాదాన్ని విస్మరించరాదు. 2019 మే 24న సూరత్‌లోని సర్థానా ప్రాంతంలో ఒక వాణిజ్య భవనంలో చెలరేగిన మంటలకు 22 మంది విద్యార్థులు బలైపోయారు. వారు చదువుకుంటున్నది పైకప్పు మీద సులభంగా మండే సామగ్రితో అక్రమంగా వేసిన తాత్కాలిక నిర్మాణంలో. వేడి తగ్గుతుందని ఇళ్లలో థర్మోకోల్ కప్పులు బిగించుకునేవారు, పాలిస్టర్ పీలికలను పైన దట్టించేవారు ఆ మధ్యాహ్నాన్ని గుర్తుంచుకోవాలి. జౌళి వ్యర్థాలకు కొదవలేని నగరంలో ఈ ఆకర్షణ సహజం గనుక, ఏది మండుతుందో, ఏది మండదో పేటపేటలో చెప్పించే బాధ్యత అగ్నిమాపక శాఖది.

సూరత్‌కు శక్తి లేదని ఎవరూ అనలేరు. 1994లో ప్లేగు భయంతో లక్షలాది మంది పారిపోయిన నగరం అది. మరుసటి సంవత్సరం కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు నేతృత్వంలో ఏడాదిన్నరలోనే దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన చేరింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలసి ప్రథమ స్థానాన్ని పంచుకుంది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 2008లో ఆరంభించిన ఆసియా నగరాల వాతావరణ కార్యక్రమానికి మన దేశం నుంచి ఎంపికైన తొలి మూడు నగరాలలో అదొకటి. చల్లని కప్పుల గురించి అక్కడి ఇంజనీర్లకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ప్లేగు నాడు అధికారులు ఉదయం పూట వీధుల్లో తిరిగారు. ఈ సమస్య వీధిలో కనిపించదు, మధ్యాహ్నం రెండు గంటలకు ఇంటి లోపలికి వెళితే తప్ప తెలియదు.

పారిశుద్ధ్య సిబ్బందిని పంపినట్లే ఏటా మార్చిలోగా సున్నం బృందాలను పేటలకు పంపడం నగరపాలక సంస్థకు భారం కాబోదు. కప్పుకు తెల్లపూత వేయించిన యజమానికి ఆస్తిపన్నులో కొంత మినహాయింపు ఇచ్చి, ఆ పేరుతో అద్దె పెంచరాదని షరతు పెట్టవచ్చు. మగ్గాల యజమానుల సంఘాలు తమ శాలల కప్పులతో మొదలుపెట్టవచ్చు. తెలంగాణ ప్రభుత్వం తన విధానంలోని 600 గజాల గీతకు దిగువన ఉన్న ఇళ్లకు సున్నం, కూలీ ఖర్చు తానే భరించే ఏర్పాటు చేస్తే, సిరిసిల్లలోనూ వరంగల్‌లోనూ మగ్గాల పక్కనే కాపురముంటున్న కుటుంబాలకు వచ్చే వేసవికే ఊరట దక్కుతుంది. మొదటి వానకు సున్నం కరుగుతుందన్న సాకు వినిపించకపోదు. మళ్లీ వేసేందుకు నిధులు ఏటా కేటాయించాలన్నది అందుకే.