ఉచితం అంటే సంచీ కాదు, మన భాష వచ్చిన మాస్టారు



ఏటా ఆగస్టు 29న మన కొండ బడుల్లో కూడా గిడుగు రామ్మూర్తి పంతులు ఫొటోకి దండ వేస్తారు. తెలుగు భాషా దినోత్సవం. గుంటలు వరసలో నిలబడి పద్యాలు అప్పజెప్తారు. మీలో చాలామంది అప్పజెప్పే ఉంటారు. ఆ పంతులు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడని ఆ మీటింగులో ఎవరైనా చెప్పారా? సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని సొంత డబ్బు పెట్టి బడులు నడిపాడని చెప్పారా? ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వమే అచ్చేసిందని చెప్పారా?

చెప్పరు. ఎందుకంటే అది చెప్తే వెనకనే ఒక ప్రశ్న వస్తుంది. వందేళ్ల కిందట ఒక మనిషి జేబులో డబ్బుతో చేసిన పని, ఇవాళ ఇంత బడ్జెట్టు, ఇన్ని పథకాలు ఉన్న ప్రభుత్వం ఎందుకు చెయ్యలేకపోతోంది?

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ముందు చట్టం ఏటి చెప్తోందో చూడండి. 2002లో రాజ్యాంగానికి 86వ సవరణ చేసి 21-ఎ అధికరణం చేర్చారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు అయింది. దాని కోసం 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సర్వశిక్షా అభియాన్ అంతకు ముందే ఉంది, 2018లో అది సమగ్ర శిక్షగా మారింది. డబ్బు పోసే గొట్టాలు ఇవన్నీ. బడి కట్టడం, పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం, ఇప్పుడు తల్లికి వందనం. ఇవి వద్దని ఎవరూ అనరు. కొండమీద పోడు చేసుకునే ఇంటికి ఒక పూట అన్నం, ఒక జత బట్టలు కూడా లెక్కే.

కానీ మన నాయకులు "ఉచిత విద్య" అనగానే ఈ సంచీ, బూట్లు చూపించి ఆగిపోతారు. చట్టం అక్కడ ఆగలేదు. అదే చట్టంలో ఇంకొన్ని మాటలున్నాయి. అవి మనకి ఎవరూ చదివి వినిపించరు. మనమే చదువుదాం.

ఒకటి. ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలని ఆ చట్టం షెడ్యూల్లో రాసి ఉంది. పిల్లలు పదిహేను మందే ఉన్నా ఇద్దరే. మరి మన గిరిజన ప్రాథమిక పాఠశాలల్లో ఎన్నిటికి ఇద్దరున్నారు? ఒక్క మాస్టారు ఐదు తరగతులకి చెప్పాలి, భోజనం చూడాలి, యాప్‌లో హాజరు వెయ్యాలి, ఫొటోలు ఎక్కించాలి, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి, మీటింగు అంటే మండలానికి దిగాలి. ఆ మాస్టారికి జొరమొస్తే బడికి జొరమొచ్చినట్టే. ఏకోపాధ్యాయ పాఠశాల అనే పెద్ద మాట పెట్టి దాన్నేదో ఒక రకం బడి అన్నట్టు మాట్లాడతారు. అది బడిలో రకం కాదు. చట్టాన్ని రోజూ ఉల్లంఘించడం.

రెండు. బడి దూరం. ఐదో తరగతి వరకు కిలోమీటరు లోపు, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని కేంద్రం నమూనా నియమాలు చెప్పాయి. రోడ్డు లేని చోట, వాగులు, కొండచరియలు ఉన్న చోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించాలన్నాయి. మళ్లీ చదవండి: తగ్గించాలి. మన దగ్గర జరిగేది తిరగేసి. "మీది మారుమూల గూడ, పదిమందే పిల్లలు, కింద ఊరికి పంపండి" అంటారు. 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపే పని మొదలెట్టారు. 2025లో ఆ జీవోని తీసేశారు. ప్రభుత్వం మారితే జీవో మారుతుంది. కానీ "పిల్లలు తక్కువ, కాబట్టి బడి దండగ" అన్న లెక్క ఏ ప్రభుత్వం వచ్చినా మారట్లేదు. మైదానంలో ఊరికి అర కిలోమీటరు దూరం అంటే రోడ్డు పక్కన నడక. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో అర కిలోమీటరు అంటే మధ్యలో ఒక గెడ్డ ఉండొచ్చు. ఆషాఢంలో ఆ గెడ్డ దాటేది ఆరేళ్ల గుంట. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచేవాడికి అది కనపడదు. గర్భిణిని డోలీలో మోసుకెళ్లే దారిలోనే ఆ పాప బడికెళ్లాలి.

మూడు, అన్నిటికంటే పెద్దది. సెక్షన్ 29. వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధన ఉండాలి. ఇదేం కొత్త మాట కాదు. 1956లోనే రాజ్యాంగంలో 350-ఎ చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పించే సౌకర్యం రాష్ట్రాలు కల్పించాలని.

సవర భాష తెలుగుకి చుట్టం కూడా కాదు. తెలుగు ద్రావిడ కుటుంబం, సవర ముండా కుటుంబం. కువి తెలుగుతో కుటుంబం పంచుకున్నా, ఆరేళ్ల పిల్లకి తెలుగు వాచకం దూరమే. ఇంట్లో తెలుగు వినని పాప మొదటిరోజు బడికొస్తే, పలక మీద రాసింది ఒక కొత్త బొమ్మ, మాస్టారు పలికింది ఒక కొత్త శబ్దం. పాప నోరు మెదపదు. మాస్టారు రిజిస్టర్‌లో "వెనకబడిన విద్యార్థి" అని రాసుకుంటాడు. వెనకబడింది ఎవరు? రెండు భాషల మధ్య నిలబడిన ఆరేళ్ల పాపా, పాప భాషలో ఒక్క మాట నేర్చుకోకుండా ఏళ్ల తరబడి జీతం తీసుకునే వ్యవస్థా?

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో బహుభాషా విద్య మొదలైంది. సవర, కువి, కోయ, గోండి, కొలామి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఎనిమిది భాషల్లో. తెలుగు లిపిలో వాచకాలు వేశారు. మన పాటలు, మన కథలు, మన జంతువులు, మన పండగలు వాటిలో పెట్టారు. మంచి పని. దాన్ని ఎవరు నడిపారు? భాషా వాలంటీర్లు. మన ఊరి పిల్లలే. నెలకు కొన్ని వేల గౌరవ వేతనం. వేసవి వస్తే ఇంటికి పో. జూన్‌లో మళ్లీ తీసుకుంటారో లేదో తెలీదు. ఐటీడీఏ ముందు టెంటు వేస్తే కొన్నాళ్లు తీసుకుంటారు. అంటే ప్రభుత్వం దృష్టిలో మన భాష ఒక స్కీము. స్కీముకి డబ్బుంటే భాష ఉంటుంది, లేకపోతే లేదు.

ఇప్పుడు ఇచ్ఛాపురం వైపు చూడండి. అదే ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా. అక్కడ ఒడియా మీడియం ప్రభుత్వ బడులున్నాయి. డీఎస్సీలో ఒడియా మీడియం టీచర్ పోస్టులు పడతాయి. టెట్ ఒడియాలో రాయొచ్చు. చాలా మంచిది. ఒడియా పిల్లలకి అది హక్కు, వాళ్లకి ఇంకా బాగా అందాలి. ఉర్దూకీ, తమిళానికీ, కన్నడానికీ అలాగే పోస్టులున్నాయి. మరి సవరకి పోస్టు ఎందుకు లేదు? కువికి ఎందుకు లేదు? ఒడియా పిల్లకి పర్మినెంట్ మాస్టారు, సవర పిల్లకి పది నెలల వాలంటీరు. ఇది ఏ న్యాయం?

ఈ మాట ఇవాళ ఇంకా ముఖ్యం. ఎందుకంటే జీవో 3 పోయింది. 2000 జనవరి 10న వచ్చిన ఆ జీవో షెడ్యూల్డు ప్రాంతంలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చింది. బయటనుంచి వచ్చిన టీచర్లు బడికి రాకపోవడం వల్లే ఆ జీవో అవసరమైంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని దాన్ని కొట్టేసింది. అప్పట్నించి ప్రతి పార్టీ ఎన్నికల ముందు కొండెక్కి "మీ జీవో తెస్తాం" అంటుంది. తర్వాత కొండ దిగిపోతుంది. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వేశారు. ఏజెన్సీలో చదువుకున్న మన యువత "మాకు స్పెషల్ డీఎస్సీ ఏదీ" అని రోడ్డెక్కాల్సి వచ్చింది.

స్థానిక ఆదివాసీలకే పోస్టులు కావాలనే పోరాటం ఆగకూడదు. దానికి చట్టం కావాలి. దానితోపాటు ఇంకొక దారి కూడా అడుగుదాం. సవర పిల్లలున్న బడిలో పోస్టుకి సవర రావడం అర్హతగా పెట్టండి. కువి పిల్లలున్న చోట కువి రావాలి. దీన్ని రిజర్వేషన్ అనలేరు. లెక్కల టీచర్‌కి లెక్కలు రావాలన్నట్టే ఇది. బయటివాళ్లు కూడా వచ్చి నేర్చుకుని పరీక్ష రాయొచ్చు. గిడుగు పంతులు నేర్చుకోలేదా? మెరిట్ మెరిట్ అంటారు కదా. పిల్లకి అర్థమయ్యేలా చెప్పగలగడం మెరిట్ కాదా? ఆ పరీక్ష పెట్టండి, ఎవరికి మార్కులొస్తాయో చూద్దాం.

మనలోనే కొందరు ఒక మాట అంటారు. "ఇంగ్లీషు రావాలి గాని సవర చదివితే ఉద్యోగం వస్తాదా?" ఈ మాటని తీసిపారెయ్యకూడదు. అమ్మానాన్నల భయం నిజమైంది. మార్వాడీ షాపులో, ఆఫీసులో, బస్టాండులో భాష రాక పడ్డ అవమానం వాళ్లది. కానీ ఇక్కడ ఎవరూ ఇంగ్లీషు వద్దనట్లేదు. తెలుగూ కావాలి, ఇంగ్లీషూ కావాలి. మొదటి మెట్టు ఎక్కకుండా మూడో మెట్టు మీదకి ఎలా దూకుతాం? అర్థమయ్యే భాషలో చదవడం వచ్చిన పిల్ల, రెండో భాష బేగి పట్టుకుంటుంది. అర్థం కాని భాషలో బట్టీ పట్టిన పిల్ల, ఏ భాషలోనూ చదవలేక ఏడో తరగతిలో బడి మానేస్తుంది. తర్వాత చెన్నైకో, విజయవాడకో కూలికి పోతుంది. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీల అక్షరాస్యత 49 శాతం. దేశంలో ఎస్టీల సగటు 59. తెలుగులోనే అందరికీ చెప్పిన ఇన్నేళ్ల ఫలితం అది.

ఇంకొందరు "ఆశ్రమ పాఠశాలలున్నాయి, గురుకులాలున్నాయి, ఏకలవ్యలున్నాయి, అక్కడికి పంపండి" అంటారు. పెద్ద పిల్లలకి అవి కావాల్సిందే. మనలో డిగ్రీ చదివినవాళ్లం చాలామంది అక్కడ్నుంచే వచ్చాం. కానీ ఆరేళ్ల పిల్లని తల్లి ఒళ్లోంచి తీసి హాస్టల్లో పడేస్తేనే చదువు అనడం ఏ నాగరికత? పట్నంలో ఏ ఆఫీసరు తన ఒకటో తరగతి పిల్లని అలా పంపుతాడు? పంపిన చోటైనా భద్రత ఉందా? 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వ్యాపించి వందమందికి పైగా ఆడపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. హాస్టల్లో నర్సు కావాలి, మంచి నీళ్లు కావాలి అని మన సంఘాలు అడిగితే పిల్లలు పోయాకనే వినపడుతుంది. ఇక ఏకలవ్య బడుల్లో 2023 నుంచి టీచర్లను దేశమంతా ఒకే పరీక్షతో, హిందీ రావడం తప్పనిసరి చేసి తీసుకుంటున్నారు. తెలుగే రెండో భాష అయిన పిల్ల ముందు తెలుగు కూడా రాని మాస్టారు నిలబడితే, ఏ భాషలో మాట్లాడుకుంటారు ఇద్దరూ?

"అందరినీ కలుపుకునే విద్య" అన్న మాటకి ఇంకో పరీక్ష ఉంది. నడవలేని పిల్ల, వినపడని పిల్లాడు మన గూడల్లో కూడా ఉన్నారు. వాళ్ల కోసం భవిత కేంద్రాలున్నాయి, ఎక్కడ? మండల కేంద్రంలో. ఆటో ఎక్కాలంటే ముందు కొండ దిగాలి. ఆ బిడ్డని వీపున కట్టుకుని దిగితే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వాళ్లకి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ఆ హక్కు మండల కేంద్రంలోనే ఆగిపోయింది.

విజయనగరం జిల్లాలో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. సంతోషం. ఆ గేటు దాకా ఎంతమంది సవర, జాతాపు, గదబ, కొండదొర పిల్లలు చేరతారన్నది మాత్రం ఒకటో తరగతిలోనే తేలిపోతుంది. పునాది వెయ్యకుండా పైకప్పుకి రంగులేస్తే ఏటి లాభం?

సరే, మనమేం చెయ్యాలి? లైకు కొట్టి పోవద్దు. ఈ నాలుగు పనులు మీ ఊర్లో చెయ్యండి.

బడి యాజమాన్య కమిటీ ఎవరో కనుక్కోండి. చట్టం ప్రకారం మూడొంతులు అమ్మానాన్నలే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. సంతకాలు పెట్టించుకోవడానికే మీ అమ్మ పేరు రాశారేమో చూడండి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాసే అధికారం ఆ కమిటీదే. "ఇద్దరు టీచర్లు, ఒకరికి మా భాష రావాలి" అని అందులో రాయించండి.

వయసు సర్టిఫికెట్ లేదని, ఆధార్ లేదని ఏ పిల్లనైనా చేర్చుకోకపోతే నిలదీయండి. వయసు రుజువు లేదని ప్రవేశం నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెప్తోంది. ముందు పిల్ల బడిలో కూర్చోవాలి, కాగితం తర్వాత వస్తుంది.

ఫిర్యాదు నోటితో చెప్పి రావద్దు. 32వ సెక్షన్ కింద స్థానిక అధికారికి రాసివ్వండి, రశీదు తీసుకోండి. మూడు నెలల్లో తేల్చాలి. సోమవారం గ్రీవెన్స్‌లో పీవో గారి ముందు పెట్టిన అర్జీకి కూడా నంబరు అడగండి.

షెడ్యూల్డు ఊరైతే గ్రామసభలో తీర్మానం చెయ్యండి. 1996 పెసా చట్టం విద్య లాంటి సామాజిక రంగాల సంస్థల మీద, సిబ్బంది మీద అదుపు మన గ్రామసభలకీ, పంచాయతీలకీ దక్కాలంటోంది. షెడ్యూల్డు జాబితాలో లేని మెళియాపుట్టి, మందస, పాతపట్నం వైపు గూడలకి ఇంకా గట్టి పోరాటం కావాలి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట ఐటీడీఏ మన్యం జిల్లాకి పోయింది. శ్రీకాకుళంలో మిగిలిన ఆదివాసులకి జిల్లాలో ఐటీడీఏ లేకుండా పోయింది. వాళ్లని మనం ఒగ్గేయకూడదు.

ఈ కొండల్లో చదువుకీ పోరాటానికీ పాత చుట్టరికం ఉంది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడి మాస్టార్లే. పలక పట్టుకున్న మనిషి అప్పు పత్రం కూడా చదువుతాడని షావుకార్లకి అప్పుడే తెలుసు. మన బడి బలంగా ఉండకపోవడం వల్ల ఎవరికి లాభమో ఇప్పుడు మనకీ తెలియాలి.

వచ్చే ఆగస్టు 29న మీ బడిలో మీటింగు పెడితే వెళ్లండి. గిడుగు పంతులుకి దండ వెయ్యండి. మైకు అడిగి తీసుకుని సవరలో మాట్లాడండి, కువిలో మాట్లాడండి. అర్థం కాలేదని ఆఫీసర్లు మొహాలు చూసుకుంటే ఒక్కటే చెప్పండి: "మా ఒకటో తరగతి పిల్లలకి రోజూ ఇలాగే ఉంటాది సార్."

సవరకి, కువికి పర్మినెంట్ టీచర్ పోస్టులు వెయ్యాలి!
ప్రతి గూడకీ బడి, ప్రతి బడికీ ఇద్దరు మాస్టార్లు!
జోహార్.