మంచు ఊరికి వెళుతున్న పెద్దలకు

ధనుర్మాసంలో ఓడలరేవులో కొబ్బరినూనె సీసాలో పేరుకుంటే ‘అబ్బో, చలి!’ అనుకుంటాం. ఆ కోనసీమ నుంచే ఇప్పుడు ఎందరో తల్లిదండ్రులు కెనడాలోని పిల్లల దగ్గరకు వెళుతున్నారు. ఎడ్మంటన్ వంటి ఉత్తరాది నగరంలో జనవరిలో మైనస్ 30 డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలైనా ఉండదు.

అలాగని నాలుగు నెలలూ గడప దాటకుండా కూర్చోకండి. కీళ్ళు బిగుసుకుంటాయి, షుగరు పెరుగుతుంది, మనసుకు దిగులు పడుతుంది. బయటికి వెళ్ళాలి, తెలిసి వెళ్ళాలి.

ముందు దుస్తుల సంగతి. ఒక్క మందపాటి కోటు కంటే మూడు పొరలు మేలు. ఒంటికి తగిలేది నూలు బనీను కాకూడదు. నూలు చెమట పీల్చి, తడిగానే ఉండి ఒంటి వేడిని లాగేస్తుంది. పల్చని ఉన్ని బనీను, దానిపై స్వెట్టరు, ఆపైన గాలి చొరని కోటు వేసుకోండి. చీర కట్టుకునేవారు లోపల ఉన్ని పైజమా తొడుక్కోవాలి. చేతులకు నాలుగు వేళ్ళూ ఒకేచోట ఉండే తొడుగులు ఎక్కువ వెచ్చన.

నడకకు కొత్త విద్య అక్కర్లేదు. వానాకాలంలో బురద చేనుగట్టు మీద ఎలా నడుస్తారో అలాగే నడవండి: చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించి, చేతులు జేబులో పెట్టకుండా. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మంచాన పడతారు.

గాలితో కలిసిన చలి మైనస్ 28కి చేరితే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. ముక్కు, చెవులు, వేళ్ళు ముందు దెబ్బతింటాయి. చర్మం పాలిపోయి మొద్దుబారితే వెంటనే లోపలికి వచ్చి, ఆ భాగాన్ని గోరువెచ్చని నీటిలో ఉంచండి. రుద్దకండి. హీటరు దగ్గర పెట్టకండి. స్పర్శ లేని వేలు కాలినా మీకు తెలియదు. స్పర్శ తిరిగి రాకపోయినా, బొబ్బలు లేచినా ఆసుపత్రికి వెళ్ళాలి. ఎవరైనా వణుకుతూ మాట తడబడి తికమక పడుతుంటే, ఒళ్ళంతా చల్లబడుతోందని గ్రహించి 911కి ఫోను చేయించండి. ఒళ్ళు వేడెక్కుతుందని బ్రాందీ పట్టించడం ప్రమాదం.

చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తపోటు పెరుగుతుంది. అందుకే గుండెజబ్బు, బి.పి. ఉన్నవారు అబ్బాయికి సాయం చేద్దామని పార పట్టుకుని వాకిట్లో మంచు తోడకండి. ఆ పని మధ్యలోనే గుండెపోటు వచ్చినవారున్నారు.

షుగరు ఉన్నవారు ఇన్సులిన్‌ను కోటు లోపలి జేబులో పెట్టుకోవాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. రాత్రి పడుకోబోయేముందు అరికాళ్ళు చూసుకోండి. ఆ ఊళ్ళో చలికాలపు ఎండకు చర్మంలో డి విటమిన్ తయారుకాదు గనుక మాత్రల సంగతి బయలుదేరే ముందే మీ డాక్టరును అడగండి.

ఇక వేడుకల మాట. 1976లో తెరిచిన మట్టార్ట్ కన్సర్వేటరీలో గాజు పిరమిడ్ల లోపల ఉష్ణదేశాల చెట్లు పెంచుతున్నారు. ఆ పచ్చదనం చూస్తే ప్రాణం లేచివస్తుంది. 1981 నాటి వెస్ట్ ఎడ్మంటన్ మాల్‌లో రోజూ అరగంట నడవవచ్చు. కప్పు కింద కృత్రిమ కెరటాలు కూడా ఉన్నాయి. నగరానికి తూర్పున ఎల్క్ ఐలాండ్ పార్కులో అడవి దున్నల్ని కారులో కూర్చునే చూడండి. మనవలు స్కేటింగ్ చేస్తుంటే పక్కన నిలబడి చూసి సంతోషించండి. నగరపాలకులు అనుమతించని చెరువు మంచు మీద మాత్రం ఎవరూ కాలు పెట్టకూడదు.

ప్రయాణానికి ముందు మూడు పనులు మరవకండి: ఉండే కాలానికంతా సరిపడా మందులు, మందుల అసలు పేర్లతో డాక్టరు చీటీ, పాతజబ్బులకూ వర్తించే వైద్య బీమా. అక్కడి ఆసుపత్రి ఖర్చు పిల్లల సంపాదనకు కూడా బరువే. అరగంట ఓపికతో ఇవి సర్దుకుంటే, ఆ బరువు వాళ్ళ మీద పడదు.