వర్తక సంధులును వెట్టిచాకిరియు

యూరోపియను యూనియనుతో మన ప్రభుత్వము జరుపుచుండిన వర్తక సంధి సంప్రదింపులు ముగిసినవని 2026 జనవరి 27వ తేదీన ఢిల్లీలో ప్రకటింపబడెను. 2007లో ఆరంభమై, 2013లో నిలిచిపోయి, 2022లో మరల చిగిర్చిన వ్యవహారమిది. అయినను, మంత్రులు చేతులు కలిపినంత మాత్రమున సంధి అమలునకు రాదు. యూరోపియను పార్లమెంటు సమ్మతింపవలెను. ఆ సభవారు సుంకముల పట్టికను మాత్రమే చూచి ఊరకుండువారు కారు. షింజియాంగు తగవులో చైనా తమ సభ్యులపై ఆంక్షలు విధింపగా, ఆ దేశముతో కుదిరిన పెట్టుబడుల ఒడంబడికను 2021 మే నెలలో పరిశీలింపకయే నిలిపివైచిరి. 2023 జులైలో మణిపురపు అల్లరులను గూర్చి తీర్మానము చేసిరి.

ఇది విని మనవారిలో పలువురు కోపింతురు. ఆ కోపము నిష్కారణము కాదు. 1828 మొదలుకొని యానాము రేవున మన తెలుగు కూలీలను ఓడ లెక్కించి రీయూనియను దీవి చెరకుతోటలకు పంపినవారు ఫ్రెంచివారే గదా! అట్టివారి నోట మానవ హక్కుల మాట వినవచ్చినపుడు చేదుగా నుండుట సహజము. అదిగాక హక్కుల పేర సరకునకు అడ్డుకట్ట వేయుదురేమో యను శంకయు కలదు. ఈ శంకతోనే 1996లో సింగపూరున మన ప్రతినిధులు కార్మిక ప్రమాణములను వర్తక నిబంధనలతో ముడివేయుట నెదిరించిరి. 2020లో కాంబోడియాకు సుంకపు రాయితీలు కొంతమేర రద్దుచేసినపుడు, దండన పాలకులకు ఎంత తగిలెనో గాని, కుట్టుపని చేయు ఆడుకూలీల బ్రతుకులు మాత్రము దిగులు పాలయ్యెను.

ఇంతవరకు వాదము మనది. ఇక మన యింటి సంగతి.

వెట్టి యను మాట సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతములవారికి ఒకరు నేర్పవలసినది కాదు. 1946 నుండి 1951 వరకు నల్లగొండ జిల్లా రైతు కూలీలు ప్రాణము లొడ్డి పోరాడినది దానిమీదనే. రాజ్యాంగపు 23వ అధికరణము దానిని నిషేధించెను. 1976 నాటి చట్టము కట్టుబానిసత్వమును రద్దుచేసెను. కనీసవేతనము కంటె తక్కువ యిచ్చి పని చేయించుకొనుటయు వెట్టియే యని 1982లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. ఈ తీర్పు మన మిల్లు యజమానులలో ఎందరు చదివిరి? మిర్యాలగూడ మిల్లులలో బస్తాలు మోయువారిలో బీహారు హమాలీలున్నారు. తెలంగాణపు ఇటుక బట్టీలకు ఒడిశా కుటుంబములు ముందు బాకీ పుచ్చుకొని పిల్లలతో సహా వచ్చుచున్నవి. ఆ బాకీ తీరువరకు కదలరాదను కట్టడికి మరొక పేరేమి? అమెరికా కార్మికశాఖవారు తమ పట్టికలో నిర్బంధశ్రమ శీర్షిక క్రింద మన దేశపు ఇటుకలను, బియ్యమును చేర్చిరి. ఆ పట్టికను పరదేశపు దురుద్దేశమని త్రోసివేయుట సులభము. కూలీల హాజరుపుస్తకము చూపుట కష్టము.

2025 మార్చి చివర తెలంగాణ బియ్యము 12,500 టన్నులు కాకినాడ రేవునుండి ఫిలిప్పీన్సునకు బయలుదేరెను. కోదాడ రైతునకు ఇది శుభవార్తయే. కాని సంతలు పెరిగినకొలది ప్రశ్నలును పెరుగును. నిర్బంధశ్రమతో తయారైన సరకును నిషేధించు యూరపు చట్టము 2027 డిసెంబరు 14 నుండి వర్తించును.

మాకు అన్నిటికంటె వింతగా తోచునది మరొకటి. మన హక్కులను గూర్చి స్ట్రాస్‌బర్గులో చర్చ జరుగును. మన పార్లమెంటుకు మాత్రము సంధిని ఆమోదించు అధికారమే లేదు. సంధులు చేయుట మంత్రివర్గపు పని. వ్యవసాయము రాష్ట్రముల విషయమైనను, సంతకమునకు ముందు రాష్ట్రముల నడుగవలెనను నిర్బంధము లేదు. సంతకమైన పిదప కాగితములను చూచి రైతు గాని, హమాలీ గాని చేయగలిగిన దేమి? ఉభయసభలలో చర్చించి ఓటు వేసిన పిమ్మటనే వర్తక సంధి అమలు కావలెనని చట్టము చేయవలెను. హక్కుల లోపములను మన సభ్యులే అడిగినచో, పరాయివాడు అడుగుటకు మిగులునది తక్కువ. ఆ సభలో మొదట అడుగదగిన ప్రశ్నయు సిద్ధముగా నున్నది: సంఘములు పెట్టుకొను హక్కును, యజమానితో సమష్టిగా బేరమాడు హక్కును గూర్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 సంఖ్యల ఒడంబడికలను మన ప్రభుత్వము ఇంతవరకు ఏల ఆమోదింపలేదు?