పంపు పెద్దదైతే సరిపోదు!

రాత్రి పదకొండింటికి ఫోను. చూస్తే మా తమ్ముడు. ఆ వేళప్పుడు వాడు ఫోను చేశాడంటే రెండే కారణాలు. ఒకటి, మరదలితో గొడవ. రెండు, కారుతో గొడవ. ఈసారి రెండోది.

'అక్కా, ఇవాళ చాలా గండం తప్పింది' అన్నాడు. గొంతులో ఇంకా వణుకు తగ్గలేదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నారు. సూర్యాపేట దాటాక ముందున్న లారీని దాటబోయి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. టర్బో అందుకుంది. బండి దూకింది. ఆ వెంటనే వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు తడబడింది. పక్కన లారీ, వెనక హారన్ కొడుతున్న బస్సు, వెనక సీట్లో నాలుగేళ్ల పాప. కాలు తీశాక రెండు క్షణాలకి ఇంజను తేరుకుంది కానీ, మా మరదలు మాత్రం ఇంటికొచ్చే వరకూ తేరుకోలేదు. 'ఇక ఆ కారులో నేను ఎక్కను' అని తేల్చి చెప్పేసింది.

ఆ కారు సంగతి కాస్త చెప్పాలి. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. 2005 మోడల్. మన దేశంలో తొలినాళ్లలో వచ్చిన టర్బో పెట్రోలు కార్లలో ఒకటి. 1.8 లీటర్ల ఇంజను, 150 హార్స్‌పవర్. కాలేజీ రోజుల నుంచీ దాని మీదే కన్ను. ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పాప పుట్టాక వాడి కల తీరింది. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకుని మరీ నడుపుతున్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఎవరో చెప్పారని ఇంజను కంప్యూటర్లో ప్రోగ్రాం మార్పించి, 190 హార్స్‌పవర్ దాకా తెప్పించాడు. ఆ తర్వాతే ఈ దగ్గు మొదలైంది.

'ఫ్యూయల్ పంపు సరిపోవట్లేదక్కా. స్నేహితులంతా పెద్దది పెట్టెయ్యమంటున్నారు. ఆల్రెడీ ఒకటి కొన్నాను' అన్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్లక ముందే మందులు కొనుక్కోవడమంటే ఇదే!

పై అంతస్తుకు నీళ్లు

ఫ్యూయల్ పంపు అంటే దారిలో కనిపించే పెట్రోలు బంకు కాదండీ. కారు ట్యాంకులో, పెట్రోల్లో మునిగి ఉండే చిన్న మోటారు. అక్కడి నుంచి పెట్రోలును ఒత్తిడితో ఇంజను దాకా తోస్తుంది. మన ఇంటి సంపులోని మోటారు నీళ్లను పై ట్యాంకుకు ఎక్కించినట్టే.

ఇంట్లో మోటారు కొనేటప్పుడు ఏం అడుగుతాం? ఎన్ని అంతస్తులని. ఒక అంతస్తు ఇంటికి ధారగా పోసే మోటారే, నాలుగో అంతస్తుకొచ్చేసరికి సన్నగా కారుతుంది. ఫ్యూయల్ పంపు కూడా అంతే. ఒత్తిడి పెరిగే కొద్దీ పోసేది తగ్గుతుంది.

టర్బో ఉన్న కారులో ఈ అంతస్తుల సంఖ్య మారిపోతూ ఉంటుంది. మామూలుగా ఇలాంటి ఇంజన్లలో పెట్రోలు ఒత్తిడి 3 బార్లు. మన కారు టైర్లలో గాలి సుమారు రెండు బార్లనుకుంటే ఇది అంతకంటే ఎక్కువ. టర్బో ఒక బార్ ఒత్తిడితో గాలిని ఇంజన్లోకి నెడితే, ఆ గాలికి ఎదురెళ్లాలి కాబట్టి పెట్రోలు ఒత్తిడి కూడా 4 బార్లకు పెరగాలి. అంటే ఇంజను 'ఎక్కువ పొయ్యి' అని అడిగే క్షణంలోనే పంపు తక్కువ పోస్తుంది. తడబాటంతా అక్కడే.

తడబాటుతో పోతే అదృష్టమే

పెట్రోలు మండటానికి గాలి పాళ్లు ఉంటాయి. ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి చాలు. కానీ టర్బో పూర్తిగా ఊదుతున్నప్పుడు కాస్త పెట్రోలు ఎక్కువ కలుపుతారు. కిలో పెట్రోలుకు సుమారు 12 కిలోల గాలి. ఆ అదనపు పెట్రోలు ఇంజన్ని చల్లబరుస్తుంది.

పంపు చాలకపోతే ఇదంతా తలకిందులవుతుంది. గాలి నిండుగా వస్తుంది, పెట్రోలు రాదు. సిలిండర్లో వేడి పెరిగి, మిశ్రమం అదుపు తప్పి పేలుతుంది. దాన్నే మెకానిక్కులు 'నాకింగ్' అంటారు. మా తమ్ముడి బండి తడబడి హెచ్చరించింది. అన్ని బండ్లూ అలా హెచ్చరించవు. పిస్టన్ కరిగి చిల్లు పడ్డాకే తెలిసిన వాళ్లూ ఉన్నారు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పెద్ద పంపు పెడితే బండికి శక్తి పెరుగుతుందనుకుంటారు. ఒక్క హార్స్‌పవరూ పెరగదు. పెంచుకున్న శక్తి ఇంజన్ని మింగెయ్యకుండా కాపాడటమే పంపు పని.

బాబాయ్ సైకిలు పంపు

మర్నాడు పొద్దున్నే వాడిని విజయవాడ ఆటోనగర్లో ఉన్న ఓ మేస్త్రి దగ్గరికి లాక్కెళ్లాను. మా నాన్న అంబాసిడర్ నాటి నుంచీ ఆయనే మాకు దిక్కు. మాకు బాబాయ్ వరస.

తమ్ముడు గర్వంగా కొత్త పంపు డబ్బా తీశాడు. పైన పేరున్న కంపెనీ ముద్ర, '255' అంకె. బాబాయ్ దాన్ని పక్కన పెట్టించాడు.

'ముందు నీ పాత పంపు ఎంత పోస్తుందో చూశావా?'

'లేదు బాబాయ్.'

'ఎంత కావాలో లెక్క వేశావా?'

'లేదు.'

'మరి ఏం చూసి కొన్నావురా? అంకె పెద్దగా ఉందనా?'

వెనక సీటు కుషన్ ఎత్తితే కింద మూత ఉంటుంది. పంపు అక్కడే. ముందుగా ఫిల్టరు మార్చాడు. తర్వాత ఒత్తిడి చూసే గేజి తగిలించి, తిరుగు పైపును ఓ కొలత డబ్బాలోకి పెట్టాడు. ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరుకు ఓ సన్నటి గొట్టం ఉంటుంది. దానికి సైకిలు పంపుతో గాలి కొట్టాడు. గేజి ముల్లు 4 బార్ల దగ్గర నిలబడింది. టర్బో ఊదుతున్నట్టు ఇంజన్ని నమ్మించడమన్నమాట!

సరిగ్గా ముప్పై సెకన్లు. డబ్బాలో పడింది అర లీటరు. అంటే గంటకు 60 లీటర్లు.

తర్వాత పంపు దగ్గర కరెంటు చూశాడు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులుంటే, పంపు దాకా వచ్చేసరికి 10.8. ఇరవై ఏళ్ల పాత వైర్లు, తుప్పుపట్టిన కనెక్షన్లు దారిలోనే మింగేస్తున్నాయి. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు వేసి మళ్లీ కొలిచాడు. ఈసారి 680 మిల్లీలీటర్లు. గంటకు దాదాపు 82 లీటర్లు.

పంపు అదే. వైరు మారితే 22 లీటర్లు పెరిగాయి. 'సగం జబ్బు వైర్లోనే ఉంది. చూశావా?' అన్నాడు బాబాయ్.

వేలి లెక్క

ఇక ఎంత కావాలి? ఈ లెక్క ఇంట్లో పిల్లలైనా వెయ్యొచ్చు. టర్బో పెట్రోలు ఇంజను పూర్తి శక్తితో తిరిగేటప్పుడు ఒక్కో హార్స్‌పవరుకు గంటకు సుమారు 0.37 లీటర్లు తాగుతుంది.

* 190 హార్స్‌పవరుకు: 190 × 0.37 = సుమారు 70 లీటర్లు.
* ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అందుకే అచ్చమైన పెట్రోలుతో పోలిస్తే 7-8 శాతం ఎక్కువ పొయ్యాలి. అంటే 76.
* ఎండాకాలం, ముసలితనం, కొలతల తేడాల కోసం నాలుగో వంతు అదనం. అంటే 95.

ఈ 95 లీటర్లూ 4 బార్ల ఒత్తిడి దగ్గర రావాలి. ఖాళీ గాలిలో కాదు. తమ్ముడి పంపు పోసింది 60. బండి ఎందుకు తడబడిందో వేరే చెప్పాలా?

ఆక్టేవియా ట్యాంకు 55 లీటర్లు. పూర్తి శక్తితో నడిపితే ముప్పావు గంటలో ఖాళీ! రోడ్డు మీద అలా ఎవరూ నడపలేరనుకోండి. కానీ ఆ కొద్ది క్షణాల కోసమైనా పంపు సిద్ధంగా ఉండాలి.

అంత పెద్దదెందుకు?

'లెక్కలెందుకు బాబాయ్, 340 లీటర్లది పెట్టేస్తే జన్మలో మళ్లీ చూడక్కర్లేదుగా!' అన్నాడు తమ్ముడు.

పెట్టొచ్చు. కానీ ఇంజను తాగనిదంతా తిరుగు పైపు గుండా మళ్లీ ట్యాంకులోకే వస్తుంది. పాత కారుకు ఆ పైపు సన్నం. అంత ధార పట్టక ఒత్తిడి అదుపు తప్పుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు కూడా పెట్రోలు ఎక్కువై పొగ, వాసన, మైలేజీ నష్టం. పైగా పెద్ద పంపు కరెంటు ఎక్కువ లాగుతుంది. ముసలి వైర్లు, ఫ్యూజులు వేడెక్కుతాయి. ఊరికే తిరిగి తిరిగి పెట్రోలు కూడా వేడెక్కుతుంది. మన ఎండల్లో, అదీ బెజవాడ ఎండల్లో, అది మంచిది కాదు.

కావలసిన దానికంటే కాస్త ఎక్కువ. అంతే చాలు. 190 లీటర్ల తరగతి పంపు ఈ బండికి ధారాళంగా సరిపోతుంది. రేపు ఇంకా పెద్ద టర్బో పెట్టి 300 దాకా వెళ్లాలనుకునే వాళ్లకు 255 తరగతి. డబ్బా మీది అంకెను కాదు, ఏ ఒత్తిడి దగ్గర, ఎన్ని వోల్టుల దగ్గర ఎంత పోస్తుందో చెప్పే పట్టికను అడగాలి. పట్టిక చూపించలేని వాడి దగ్గర కొనకపోవడమే మేలు.

అసలుదా... నకిలీదా?

చివరికి ఆ '255' డబ్బా తెరిచారు. బాబాయ్ దాన్నీ అదే పరీక్షకు పెట్టాడు. ముప్పై సెకన్లకు 600 మిల్లీలీటర్లు. గంటకు 72! కొత్త వైరు మీద పాత ముసలి పంపే దీనికంటే నయం.

అది నకిలీ. దగ్గరగా చూస్తే ముద్రలో అక్షరాలు వంకర. ఒంటి మీద సీరియల్ నంబరు లేదు. పేరున్న పంపులకు నకిలీలు ప్రపంచమంతా ఉన్నాయి. సగం ధరకే దొరికిందంటే సంతోషించకండి. అనుమానించండి. అధీకృత డీలరు దగ్గర, బిల్లుతో కొనండి.

తమ్ముడి మొహం చూడాలి! పాపం, ఆ డబ్బు నీళ్ల పాలైంది. 'పోనీలేరా, రోడ్డు మీద తెలిసే బదులు ఇక్కడ తెలిసింది' అన్నాను.

ఇవి మరవొద్దు

* ఈ పరీక్షలు ఇంట్లో చెయ్యకండి. పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. గాలి వీచే చోట, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకుని, తెలిసిన మెకానిక్కే చెయ్యాలి.
* పంపు ఎంచుకునేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకుంటుందో లేదో అడగండి. పాత కార్లు ఈ20 కోసం తయారైనవి కావు. పనిలో పనిగా ట్యాంకు దగ్గరి రబ్బరు పైపులు, సీళ్లు కూడా మార్పించండి.
* పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ట్యాంకు అడుగంటే దాకా నడిపితే పంపు ఆయుష్షు తగ్గుతుంది. పావు ట్యాంకు దగ్గరే పోయించుకోండి.
* కొత్త పంపు పెట్టాక గాలి, పెట్రోలు పాళ్లను మీటరుతో చూపించుకోండి. 'బాగానే లాగుతోంది' అన్న మాట చాలదు.
* పంపు మార్చడం విడిభాగం మార్పిడే. ఇంజను శక్తి పెంచడం వేరు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఆంక్షలు పెట్టింది. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పులు చేయిస్తే, ప్రమాదం జరిగిన రోజున క్లెయిము దగ్గర ఇబ్బంది పడేది మీరే.

వారం తర్వాత అసలైన పంపు వచ్చింది. కొత్త వైరు, కొత్త రిలే, కొత్త ఫిల్టరు. ముప్పై సెకన్లకు లీటరున్నర దగ్గర దగ్గరగా పోసింది. కావలసింది ముప్పావు లీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ తర్వాత బాబాయ్ ఇంకో మాట కూడా అన్నాడు. 'ఆ పెంచిన ప్రోగ్రాం తీసేసి, కంపెనీ 150కే తెచ్చుకో నాయనా. ఇంట్లో పాప ఉంది.'

తమ్ముడు నెల రోజులు ఆలోచించాడు. మొన్న ఆదివారం ఫోను చేశాడు. పాతదే పెట్టించేశాడట. పంపు మాత్రం కొత్తదే ఉంచాడు. మంగళగిరి దాకా వెళ్లి దర్శనం చేసుకొచ్చారట.

'మరి మరదలు ఎక్కిందా?' అని అడిగాను.

'ముందు సీట్లోనే కూర్చుందక్కా!'