మాటల గాదె

పిల్లలూ! పోయిన నెల ఈ పేజీలో సామెతలను గురించి చెప్పుకున్నాం గదా! ఈ నెల ఒక పాప సంగతి చెబుతాను. వినండి. మీలో కొందరికి ఇది మీ సంగతేననిపించవచ్చు.

మా పక్క వాటాలో ఏడో తరగతి చదివే పాప ఒకతె ఉన్నది. బడిలో చదువంతా ఇంగ్లీషులోనే. తెలుగు మాట్లాడుతుంది, కూడబలుక్కుని చదువుతుంది కూడా. పోయిన వేసవి సెలవులకు ఆమె అమ్మమ్మగారి ఊరు వెళ్ళింది. రాత్రి ఆరుబయట మంచం మీద కూచుని అమ్మమ్మ కథ మొదలుపెట్టింది.

"అనగనగా ఒక మోతుబరి. ఆయన గాదె నిండా ధాన్యం..."

"మోతుబరి అంటే ఏమిటి, అమ్మమ్మా? గాదె అంటే?" అని పాప అడిగింది.

అమ్మమ్మ ఓపికగానే చెప్పింది. కాని మాట మాటకూ ఇలాగే అడ్డుపడుతూ ఉంటే కథ ముందుకు సాగదు గదా! చివరకు, "పోనీలే తల్లీ, ఇవన్నీ నీకు తెలియవులే. పడుకో," అన్నది. ఆ తరువాత సెలవులు అయిపోయేదాకా అమ్మమ్మ మళ్ళీ కథ ఎత్తలేదు.

ఆ మాట పాప మనసులో ముల్లులాగా ఉండిపోయింది. వచ్చే సెలవులలోగా ఎలాగైనా తెలుగు మాటలు నేర్చుకోవాలని పట్టుపట్టింది. వాళ్ళ నాన్న తన టాబ్లెట్‌లో తెలుగు కథల పుస్తకాలు పెట్టి ఇచ్చాడు. తెలియని మాటమీద వేలు ఆనిస్తే చాలు, నిఘంటువులోని అర్థం పక్కనే కనబడుతుంది.

మొదటి ఆదివారం పాప నా దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చి, "తాతగారూ, ఈవేళ నలభై మాటలు నేర్చుకున్నాను!" అన్నది. మరుసటి ఆదివారం నేను ఆ మాటలే అడిగాను. నాలుగు చెప్పగలిగింది. గాదె అంటే ఏమిటో కూడా మరిచిపోయింది. పాప కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "నాకు బుద్ధి తక్కువా, తాతగారూ?" అని అడిగింది.

కాదు, పిల్లలూ! లోపం బుద్ధిలో లేదు, నేర్చుకున్న పద్ధతిలో ఉన్నది.

ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు మరపు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని తనమీద తానే పరీక్షలు చేసుకున్నాడు. అర్థంలేని అక్షరాల గుంపులు తయారుచేసి, వాటిని కంఠస్థం చేసి, కొంతసేపటికి ఏమేరకు గుర్తున్నాయో చూసుకునేవాడు. ఆ ఫలితాలను 1885లో పుస్తకంగా అచ్చువేశాడు. మరపు మొదటి గంటలలోనే చాలా వేగంగా పనిచేస్తుందనీ, ఆ తరువాత నెమ్మదిస్తుందనీ అందులో తేలింది. మరొక సంగతి కూడా తేలింది: ఒకేరోజు అనేకసార్లు వల్లించటం కంటె, కొన్ని రోజులు ఎడం ఇచ్చి వల్లిస్తే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

కాబట్టి పాపకు నేను ఒక పద్ధతి చెప్పాను. మీరూ చేసి చూడండి.

మొదటిది: మాటను వెంటనే వేలితో తాకవద్దు. వాక్యం చివరిదాకా చదివి, అర్థం ఊహించండి. "గాదె నిండా ధాన్యం" అన్నారంటే, గాదె అనేది ధాన్యం పోసి ఉంచేది ఏదో అయివుండాలి గదా! ఇప్పుడు తాకి చూడండి. ఊహ నిజమైతే సంతోషం, తప్పితే ఆశ్చర్యం. రెండూ మాటను మనసులో నాటుతాయి. ఏ శ్రమా లేకుండా కనబడిన అర్థం అంత సులభంగానూ జారిపోతుంది.

రెండవది: రోజుకు అయిదు మాటలు చాలు. ఒక్కొక్క మాటను ఒక చీటీమీద రాసి, వెనకవైపు అర్థం రాయండి. ఒక అట్టపెట్టెలో మూడు అరలు చేయండి. మొదటి అర చీటీలు రోజూ చూడాలి. అర్థం చెప్పగలిగిన చీటీ రెండవ అరలోకి పోతుంది. దానిని మూడురోజులకొకసారి చూడాలి. మళ్ళీ చెప్పగలిగితే మూడవ అర. దానిని వారానికొకసారి చూస్తే చాలు. మరిచిపోయిన చీటీ ఏ అరలో ఉన్నా మొదటి అరకు తిరిగి రావలసిందే! ఇటువంటి అరల పెట్టెను సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో జర్మన్ భాషలో రాసిన పుస్తకంలో వర్ణించాడు. ఈనాటి యంత్రాలు కూడా ఈ పని చేస్తాయి. కిండిల్ అనే చదువుపలక 2007లో వచ్చింది. 2013నుంచి అందులో ఇంగ్లీషు మాటల అర్థం చూస్తే, ఆ మాటలను అదే ఒకచోట చేర్చి, మళ్ళీ చూసుకోవటానికి చీటీలలాగా చూపించే ఏర్పాటు ఉన్నది.

అయితే మన పాపకు మరొక చిక్కు వచ్చింది. "గాదెలోంచి" అన్న మాటను తాకితే, "దొరకలేదు" అని వచ్చింది. "ఊళ్ళో" అన్నా అంతే!

ఇందులో నిఘంటువు తప్పు లేదు. తెలుగు మాట విభక్తులను తగిలించుకుంటుంది, పక్కమాటతో కలిసిపోతుంది. నిఘంటువులో ఉండేది అసలు రూపమే. ఆ తాళం తెరవటానికి మూడు చెవులు ఉన్నాయి.

ఒకటి, తోకను తీసివేయాలి. "గాదెలోంచి"లో తోక తీస్తే గాదె. "ఊళ్ళో" అంటే ఊరు. "ఇంటికి" అంటే ఇల్లు. "వచ్చాడు" అంటే వచ్చు.

రెండు, సంధి విడదీయాలి. సింహాసనం అంటే సింహ, ఆసనం. ఆసనం తెలిస్తే పద్మాసనం కూడా తెలిసినట్టే!

మూడు, పాత నిఘంటువులలో "ధాన్యం" అని కాక "ధాన్యము" అని ఉంటుంది. సున్నను "ము" చేసి వెతకాలి.

సి. పి. బ్రౌన్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి తెలుగు తన మాతృభాష కాకపోయినా, పెద్దవాడైన తరువాత నేర్చుకుని, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించాడు. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. అంతంత లావు పుస్తకాలను ఈనాడు ఇంటర్నెట్‌లో, ఆంధ్రభారతి వంటి చోట్ల, ఒక్కసారిగా వెతకవచ్చు. మీ తాతముత్తాతలకు లేని సౌకర్యం ఇది!

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు చదివే యంత్రంలో ఆ కాసేపూ ఆటలూ, బొమ్మలూ, గంటలూ మోగకుండా చూడండి. రాత్రి భోజనాలవేళ, "ఈవేళ కొత్తమాట ఏమిటి?" అని ఒక్కసారి అడగండి. నలుగురిలో వాడిన మాట మరుపుకు రాదు.

ఇక మన పాప సంగతి. రెండు నెలలకు ఆమె పెట్టెలో మూడవ అర నిండింది. ఒకనాటి సాయంత్రం అమ్మమ్మకు ఫోను చేసి, "అమ్మమ్మా, మీ యింట్లో గాదె ఉండేదా? ఎంత పెద్దది?" అని అడిగింది.

అవతల కొంచెంసేపు మాట లేదు. తరువాత అమ్మమ్మ ఎత్తుకున్నది. వెదురుతో అల్లిన గాదెకు మట్టీ పేడా కలిపి ఎలా మెత్తేవారో, చిన్నప్పుడు తాను అందులో దాక్కుంటే ఇల్లంతా ఎలా వెతికారో చెప్పింది. నేలలో గొయ్యి తవ్వి ధాన్యం దాస్తే దానిని పాతర అంటారని కూడా చెప్పింది. ఇవన్నీ ఏ నిఘంటువులోనూ పాపకు కనబడలేదు. అరగంట అయింది. చివరకు అమ్మమ్మే, "ఈసారి వచ్చినప్పుడు ఆ మోతుబరి కథ పూర్తిచేస్తాను. తొందరగా రా," అన్నది.

ఆ రాత్రి పాప కొత్త చీటీ ఒకటి రాసి మొదటి అరలో వేసింది. దానిమీద మాట: పాతర.

ఈ నెల మీకు పని: "ఏట్లో", "గోళ్ళతో", "పంటికి", "కన్నీరు" - ఈ మాటలను నిఘంటువులో ఏ రూపంతో వెతకాలి? ముందు ఊహించండి, తరువాత వెతకండి. "పంటికి" దగ్గర కాస్త జాగ్రత్త! పొలంలో పండే పంట వేరు, నోటిలో ఉండేది వేరు. జవాబులు వచ్చే నెల.