మాతృభాష గడిలో మన సమాధానం

రానున్న జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయిస్తూ కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 16న నోటిఫికేషన్ జారీ చేసింది. 2021లో పూర్తి కావలసిన లెక్క ఇన్నేళ్ల ఆలస్యంతో జరగబోతోంది. ఈసారి కులం వివరాలు కూడా సేకరిస్తారు గనుక మన సముదాయంలో చర్చ అంతా దాని చుట్టూనే తిరుగుతోంది. అది అవసరమైన చర్చే. అయితే దశాబ్దాలుగా ప్రతి జనగణనలోనూ అడుగుతూ వస్తున్న మరొక ప్రశ్న గురించి మన మసీదు కమిటీలలో గాని, అంజుమన్‌లలో గాని, విద్యార్థి సంఘాలలో గాని మాట వినిపించడం లేదు. అది మాతృభాష ప్రశ్న.

2011 జనగణన పత్రంలో మాతృభాషకు ఒక గడి, తెలిసిన ఇతర భాషలకు రెండు గడులు ఉండేవి. మాతృభాష అంటే బాల్యంలో తల్లి ఆ వ్యక్తితో మాట్లాడిన భాష అని జనగణన శాఖ నిర్వచనం. నిర్వచనం స్పష్టంగానే ఉంది. జవాబు నమోదయ్యే తీరే అస్పష్టం. లెక్కకు వచ్చిన ఉద్యోగి తెలుగులో అడుగుతాడు, ఇంట్లోని వారు తెలుగులో జవాబిస్తారు, ఆయన తెలుగు అని రాసుకొని పోవచ్చు. మరొక ఉద్యోగి పేరు వినగానే, ఏమీ అడగకుండానే, ఉర్దూ అని రాయవచ్చు. రెండూ తప్పే. రెండింటిలోనూ మన నోటితో మనం చెప్పిన మాట లేదు.

ఈ గడికి ఎందుకింత ప్రాధాన్యం? అంకెలు చూడండి. 2001 జనగణనలో దేశవ్యాప్తంగా ఉర్దూను మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 5,15,36,111 మంది. 2011 నాటికి ఆ సంఖ్య 5,07,72,631కి తగ్గింది. అదే పదేళ్లలో దేశంలో ముస్లింల జనాభా సుమారు 13.8 కోట్ల నుండి 17.2 కోట్లకు పెరిగింది. తెలుగు మాతృభాషగా గలవారు 7.4 కోట్ల నుండి 8.1 కోట్లకు పెరిగారు. జనం పెరుగుతుండగా భాష తగ్గడం సహజ పరిణామం కాదు. కొంతమంది ఇంటి భాషను నిజంగానే మార్చుకొని ఉండవచ్చు. కొంతమంది భాష సరిగా నమోదై ఉండకపోవచ్చు. కారణం ఏదైనా, పాఠశాలలు, ఉపాధ్యాయ పోస్టులు, పాఠ్యపుస్తకాలు కోరడానికి వెళ్లినప్పుడు అధికారులు మన ముందు పెట్టేది ఈ అంకెనే.

అలాగని ప్రతి ముస్లిం ఇంటివారూ ఉర్దూ అని రాయించాలని మేము కోరడం లేదు. ఇస్లాం ఒక భాషకు కట్టుబడిన ధర్మం కాదు. కేరళ ముస్లిం మలయాళం మాట్లాడతాడు, బెంగాల్ ముస్లిం బంగ్లా మాట్లాడతాడు, తమిళనాడులో అత్యధికుల ఇంటి భాష తమిళం. మన మధ్యనే ఉన్న దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలలో అనేకులు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. ఉర్దూ రాదన్న కారణంగా వారిని తక్కువ ముస్లింలుగా చూసే అలవాటు మనలో కొందరికి ఉంది. అది అన్యాయం, అజ్ఞానం. వారు ఆ గడిలో తెలుగు అని నిస్సంకోచంగా రాయించాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు, ఊళ్లో దాన్ని తురక మాట అన్నా, దక్కనీ అన్నా, ఉర్దూ అని స్పష్టంగా రాయించాలి. కోరేది ఒక్కటే: నిజం చెప్పండి, చెప్పినది సరిగా నమోదయిందో లేదో చూసుకోండి.

భాషకు మతం లేదన్న మాటను సర్వోన్నత న్యాయస్థానం కూడా ఇటీవల నిర్ద్వంద్వంగా చెప్పింది. మహారాష్ట్రలోని అకోలా జిల్లా పాతూరు మునిసిపల్ కార్యాలయం బోర్డుపై మరాఠీతో పాటు ఉర్దూ ఉండరాదంటూ వేసిన వ్యాజ్యాన్ని 2025 ఏప్రిల్ 15న తోసిపుచ్చుతూ, భాష మతానికి కాక ఒక జనసమూహానికి, ఒక ప్రాంతానికి చెందుతుందని న్యాయమూర్తులు వివరించారు. ఉర్దూ ఈ దేశంలో పుట్టిన భాష అని గుర్తుచేశారు. ఈ తీర్పు రెండు వైపులా వర్తిస్తుందని మనం గ్రహించాలి. ఉర్దూను పరాయి భాష అనేవారికి అది ఎలా సమాధానమో, తెలుగును ఇతరుల భాష అనుకునే మన వారికి కూడా అలాగే సమాధానం.

మన నేల చరిత్ర కూడా అదే చెబుతుంది. గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తొలి అచ్చ తెనుగు కావ్యంగా పేరొందిన పొన్నికంటి తెలగనార్యుని యయాతి చరిత్ర అమీన్ ఖాన్‌కు అంకితం. ఇబ్రహీం కుమారుడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో దీవాన్ రచించాడు. తండ్రి ఆస్థానంలో తెలుగు, కుమారుని కలంలో దక్కనీ. రెండూ ఒకే కోటలో వర్ధిల్లాయి. తరువాతి కాలంలో పిఠాపురం ఉమర్ అలీషా సూఫీ పీఠాధిపతిగా ఉంటూనే తెలుగులో పద్యాలు, నాటకాలు రచించారు, కేంద్ర శాసనసభలో సభ్యులుగా పనిచేశారు. 1998లో వెలువడిన జల్‌జలా కవితా సంకలనం, దాని తరువాత వచ్చిన వతన్ కథా సంకలనం, మన వీధుల బతుకును, మన తల్లుల మాటను తెలుగు సాహిత్యంలో నిలబెట్టాయి. ఆ రచనలలో తెలుగు వాక్యంలో ఉర్దూ పలుకులు కలిసిన తీరే మన అస్తిత్వానికి సరైన చిత్రం.

ఇక అక్షరాస్యత సంగతి. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక అంటే మన వెనుకబాటుతనమే గుర్తుకు వస్తుంది. 2001 లెక్కల ప్రకారం దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, జాతీయ సగటు 64.8 శాతం అన్నది అందరం ఉటంకించే అంకె. అదే నివేదికలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 60.5 శాతం అన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? మనవారు పట్టణాలలో ఎక్కువగా నివసించడం ఇందుకు ఒక కారణం. ఏమైనా అది సంతోషించదగినదే. కాని జనగణన దృష్టిలో ఏడేళ్లు నిండి, ఏ ఒక్క భాషలోనైనా చదవడం, రాయడం వస్తే అక్షరాస్యులే. ఏ భాషలో అన్న ప్రశ్నకు ఆ అంకె జవాబు చెప్పదు.

జవాబు కావాలంటే మన ఇళ్లలోకి చూడాలి. పిల్లవాడు ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, చదవలేడు. మక్తబ్‌లో ఖురాన్ నాజిరా పూర్తి చేస్తాడు, అర్థం తెలియదు. బడిలో ఇంగ్లీషు మీడియం చదువుతాడు, తెలుగును మార్కుల కోసం గట్టెక్కిస్తాడు. ఫోనులో ఉర్దూ మాటను ఇంగ్లీషు అక్షరాలలో రాస్తాడు. నాలుగు భాషలు చెవిన పడుతున్నా, ఒక్కదానిలోనూ నిండుగా ఒక పుట చదివి, ఒక ఉత్తరం రాయలేని తరం తయారవుతోంది. నాయనమ్మ దాచిన ఉర్దూ ఉత్తరాలు, తాత చేయించిన వక్ఫ్‌నామా, ఇంట్లో అల్మరాలో ఉన్న దీనీ పుస్తకాలు మనుమడికి మూగవైపోతున్నాయి.

తెలుగు చదవలేకపోవడం వల్ల కలిగే నష్టం మరోరకం. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసినవాడిగా దీన్ని దగ్గరగా చూశాను. ఉర్దూలోని ఖే, గైన్, ఖాఫ్, జే వంటి ధ్వనులకు తెలుగులో సరైన అక్షరాలు లేవు. ఇంగ్లీషులో ఎవరికి తోచినట్లు వారు రాస్తారు. ఫలితంగా ఒకే స్త్రీ రేషన్ కార్డులో ఖైరున్నీసా, ఆధార్‌లో కైరునిసా, పాసుపుస్తకంలో ఖైరూన్‌బీ అవుతుంది. షేక్ ఒకచోట ఎస్.కె. అవుతుంది, మహమ్మద్ మరొకచోట ఎండీ అవుతుంది. ఇంటిపేరు ముందుకు, వెనుకకు మారుతుంది. వితంతు పింఛను, వారసత్వ ధ్రువపత్రం, పాస్‌పోర్టు, ఓటరు జాబితా, ఎక్కడ చూసినా ఈ తేడాయే అడ్డు. దరఖాస్తులో పేరు తప్పుగా రాసినప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషికి తెలుగు చదవడం వస్తే అప్పుడే సరిచేయించుకోగలడు. వేలిముద్ర వేసి వెళ్లిన మనిషి పదేళ్ల తరువాత అఫిడవిట్ల కోసం తిరుగుతాడు. తెలుగు రావడమంటే మన పేరును మనం కాపాడుకోగలగడం.

హక్కుల విషయానికి వద్దాం. రాజ్యాంగం 29, 30 అధికరణాలు మన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొనే హక్కును, విద్యాసంస్థలు నెలకొల్పుకొనే హక్కును ఇచ్చాయి. 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చిన 350ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రం కృషి చేయాలంటోంది. తరగతిలో పదిమంది, లేదా పాఠశాలలో నలభైమంది కోరితే మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలన్న సూత్రాన్ని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఆమోదించింది. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోను ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తిస్తూ శాసనాలు వచ్చాయి. హైదరాబాదులో 1998 నుండి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, కర్నూలులో 2016 నుండి డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి.

పైన విశ్వవిద్యాలయాలు, పక్కన శాసనాలు, అడుగున మాత్రం ప్రాథమిక పాఠశాల వెలితి పడుతోంది. ఉర్దూ ఉపాధ్యాయ పోస్టులలో రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించినవి, ఉర్దూ చదివిన అభ్యర్థులు ఆ వర్గాలలో దొరకక ఖాళీగా మిగిలిపోతున్నాయి. ఒక నోటిఫికేషన్‌లో మిగిలినవి తరువాతి నోటిఫికేషన్‌కు చేరుతున్నాయి. ఈ సమస్యను దళిత, గిరిజన సోదరుల హక్కుకు నష్టం లేకుండానే పరిష్కరించవచ్చు. అంతే సంఖ్యలో పోస్టులను ఇతర మాధ్యమాలలో వారికి ఇచ్చి, ఉర్దూ పోస్టులను అర్హులతో నింపే విధానం రూపొందించాలి. మనం అడగవలసినది వారి వాటాలో కోత కాదు, ప్రభుత్వం కూర్చొని చేయవలసిన సర్దుబాటు.

ఈ సందర్భంగా మన కోరికలు సూటిగా ఇవి. ఒకటి, మండలాల వారీగా ఖాళీగా ఉన్న ఉర్దూ పోస్టుల వివరాలు ప్రకటించి, గడువు పెట్టి నింపాలి. రెండు, ఇంగ్లీషు మీడియం ప్రభుత్వ పాఠశాలలలో కూడా, కోరిన పిల్లలకు ఉర్దూను ఒక భాషగా బోధించే ఏర్పాటు ఉండాలి. మూడు, రెండవ అధికార భాష హోదా బోర్డులకే పరిమితం కాకుండా, ఉర్దూలో ఇచ్చిన అర్జీకి ఉర్దూలో జవాబు అందాలి. నాలుగు, ఉర్దూ పేర్లను తెలుగులో, ఇంగ్లీషులో ఎలా రాయాలో ఒక ప్రామాణిక పట్టిక తయారుచేసి అన్ని కార్యాలయాలకు పంపాలి. పేరు తేడాలను సరిచేసే పనిని మండల స్థాయిలోనే ముగించాలి.

ప్రభుత్వం చేయవలసినవి ఇన్ని ఉండగా మనం చేయగలిగినవి కూడా తక్కువేమీ కావు. ఉర్దూ చదివితే ఉద్యోగం రాదని తల్లిదండ్రులు అనడంలో వారి భయం అర్థం చేసుకోదగినదే. ఇంగ్లీషు మీడియం మానిపించమని ఎవరూ అనడం లేదు. కాని ఖురాన్ నాజిరా చదివిన బిడ్డకు ఉర్దూ లిపిలో అధిక భాగం అప్పటికే వచ్చినట్లే. పే, టే, చే, డాల్, ఱే, గాఫ్ వంటి కొన్ని అక్షరాలు, వాటి కలయికలు నేర్పితే చాలు. మక్తబ్‌లో రోజుకు అరగంట అదనంగా కేటాయిస్తే కొద్ది నెలలలో పిల్లలు ఉర్దూ వాచకం పట్టగలుగుతారు. దీనికి జీవో అక్కరలేదు. మసీదు కమిటీ తీర్మానం చాలు. అదే గదిలో సాయంత్రం పూట, చదువు మధ్యలో ఆగిన మన ఆడబిడ్డలకు, తల్లులకు తెలుగు నేర్పే తరగతి కూడా నడపవచ్చు. దరఖాస్తు ఫారం చదవడం, తమ పేరు మూడు లిపులలో సరిగా రాయడం మొదటి పాఠం కావాలి.

తెలుగును కూడా నిర్లక్ష్యం చేయరాదు. తెలంగాణలో 2018 చట్టం ఒకటి నుండి పదవ తరగతి వరకు తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. దీన్ని భారంగా చూడనక్కరలేదు. పక్కింటివారితో మన మాట చెప్పుకోవాలన్నా, మనపై వచ్చే అపవాదుకు పత్రికలో జవాబు రాయాలన్నా, పంచాయతీలో లేచి నిలబడి మాట్లాడాలన్నా ఈ రెండు రాష్ట్రాలలో తెలుగే సాధనం. గ్రూప్-1 మెయిన్స్ పరీక్షను తెలంగాణలో ఉర్దూలో రాసే అవకాశం ఉన్నా, ఉద్యోగంలో చేరిన తరువాత ప్రజల అర్జీలు వచ్చేది ఎక్కువగా తెలుగులోనే.

జనగణనకు ముందుగా ప్రతి మసీదు కమిటీ, ప్రతి మహిళా సంఘం ఒక్క సమావేశం జరపాలని కోరుతున్నాము. ఇంటింటికీ వెళ్లి మాతృభాష గడి గురించి చెప్పండి. ఉర్దూ ఇంట్లో ఉర్దూ, తెలుగు ఇంట్లో తెలుగు; తెలిసిన ఇతర భాషల వివరం అడిగితే రెండవ భాషను కూడా తప్పక రాయించండి. నమోదు చేసినది చదివి వినిపించమని లెక్కకు వచ్చిన ఉద్యోగిని మర్యాదగా అడగండి. అది మీ హక్కు. ఆ తరువాత ఆ అంకెను పట్టుకొని పాఠశాల కోసం, ఉపాధ్యాయుని కోసం అడిగే పనిలో ఈ పత్రిక మీతో ఉంటుంది.